చిన్న ట్రౌట్ వాగుకు ఏ ఫ్లై రాడ్ కొనాలి?

ఫ్లై రాడ్ అంటే ఈకలు, దారం చుట్టిన గాలాన్ని (ఫ్లైని) విసిరి చేపలు పట్టే కర్ర. వాటిని అమ్మేవాళ్లు దూరం చూపించి అమ్ముతారు. ఎదురుగా ఖాళీ మైదానం, వెనక ఏ అడ్డూ లేదు, అరవై అడుగుల లైన్ గాలిలో చుట్ట విప్పుకుంటూ సాగిపోతుంటే చూసేవాడికి ఆ రాడ్ మీద మనసు పడిపోతుంది. అదే రాడ్‌ను నాలుగు అంగల్లో దాటేయగల వాగుకు తీసుకెళ్లండి. నెత్తిన కొమ్మలు, వీపు వెనక పొద, ట్రౌట్ చేప చూస్తే పదిహేను ఇరవై అడుగుల్లోనే ఉంది. మైదానంలో మురిపించిన రాడ్ ఇక్కడ కట్టెలా బిగుసుకుపోతుంది. రాడ్‌లో లోపమేమీ లేదు, దాన్ని తయారుచేసింది వేరే పనికి.

అందుకే చిన్న వాగుకు రాడ్ ఏది మంచిదని ఎవరైనా అడిగితే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే అంటాను: మీరు నిజంగా ఎంత దూరం విసురుతారు? పొడవు, నంబరు, సామగ్రి, కంపెనీ అన్నీ ఆ జవాబు తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు గ్రాఫైటా, ఫైబర్‌గ్లాసా అన్న వాదనలో దిగి, ఆ తర్వాత వాగు సంగతి ఆలోచిస్తారు.

ఐదడుగుల లెక్క

చేప మీ నుంచి 20 అడుగుల దూరంలో ఉందనుకుందాం. ఏడున్నర అడుగుల రాడ్‌ను ముందుకు చాచితే ఏడడుగుల పైచిలుకు అక్కడికే పోయింది. లైన్ చివర కట్టే సన్నని లీడర్ మరో ఏడున్నర అడుగులు. ఇక మిగిలింది ఐదడుగులు. అంటే రాడ్ కొస దాటి బయట ఉన్న అసలు ఫ్లై లైన్ ఐదడుగులే.

ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి చుట్టిన ఈకకు, దారానికి చెప్పుకోదగ్గ బరువు ఉండదు. దాన్ని మోసుకుపోయేది లైన్ బరువే. ఆ బరువుకే రాడ్ వంగుతుంది, వంగినది తిరిగి నిటారుగా లేచేటప్పుడు లైన్‌ను ముందుకు నెడుతుంది. రాడ్ వంగకపోతే నెట్టడానికి ఏమీ లేదు, పని మొత్తం మన చెయ్యే చేయాలి. చెయ్యి చేసిన విసురు దగ్గరలో ఎప్పుడూ సరిగా పడదు: లైన్ కుప్పగా రాలుతుంది, లేదా నీళ్లను చరుస్తుంది.

రాడ్ మీద రాసి ఉండే నంబరు ఈ బరువు గురించే చెబుతుంది. అది రాడ్ బరువు కాదు, ఆ రాడ్‌కు సరిపడే లైన్ బరువు. పట్టు లైన్ల కాలంలో మందాన్ని బట్టి అక్షరాలతో గుర్తులు వేసేవారు. ప్లాస్టిక్ పూత లైన్లు వచ్చాక మందం ఒకటే అయినా బరువు వేరు కావడంతో ఆ గుర్తులు పనికిరాకుండా పోయాయి. 1960ల ఆరంభంలో అమెరికా తయారీదారులు అంకెల పద్ధతికి మారారు. లైన్ ముందు భాగంలో 30 అడుగులు తూచి నంబరు ఇస్తారు. 2వ నంబరు 80 గ్రెయిన్లు, అంటే దాదాపు 5.2 గ్రాములు. 3వ నంబరు 100 గ్రెయిన్లు, 6.5 గ్రాములు. 4వ నంబరు 120, 5వ నంబరు 140 గ్రెయిన్లు. గ్రాముల్లో చూస్తే 7.8, 9.1.

ఇప్పుడు మన ఐదడుగుల దగ్గరికి రండి. 30 అడుగుల్లో అది ఆరో వంతు. 3వ నంబరు లైన్ అయితే బయట ఉన్న బరువు ఒక గ్రాము. లైన్ ముందు కొస సన్నబడుతూ వస్తుంది కాబట్టి నిజానికి అంతకూడా ఉండదు. తొమ్మిది గ్రాములు మోయడానికి బిగువుగా చేసిన 5వ నంబరు రాడ్‌కు ఈ బరువు తగిలినట్టే తెలియదు. బస్తాలు తూచే కాటా మీద గుప్పెడు గింజలు పోస్తే ముల్లు కదులుతుందా? చిన్న వాగు రాడ్ గురించి చెప్పే ప్రతి సలహా వెనకా ఉన్నది ఈ ఒక్క గ్రామే.

ఏ నంబరు?

నా ఓటు 3వ నంబరుకు. దగ్గరి విసురుకు వంగేంత మెత్తన, 12 నుంచి 18 సైజు ఫ్లైలు (సైజు అంకె పెరిగేకొద్దీ ఫ్లై చిన్నది) ఇబ్బంది లేకుండా మోసేంత బలం రెండూ దానికి ఉంటాయి. తేలే ఫ్లై కింద చిన్న పూస తల నింఫ్ (నీటిలో మునిగే ఫ్లై) ఒకటి వేలాడదీసి విసరాలన్నా సర్దుకుంటుంది.

2వ నంబరు, అంతకంటే తక్కువ నంబర్ల రాడ్లు చేతికి మహా ముచ్చటగా ఉంటాయి. జానెడు చేప పడినా రాడ్ మొదలు దాకా వంగుతుంది. అయితే ఎదురుగాలి వీచిందా, ఆ ముచ్చట అక్కడితో సరి. ఈకలు దట్టంగా చుట్టిన 10 సైజు ఫ్లైని గాలిలో తిప్పడం ఆ సన్నని లైన్ వల్ల కాదు. లీడర్ పూర్తిగా విప్పుకోకుండా ఫ్లై లైన్ మీదకే తిరిగొచ్చి పడుతుంది. ఇప్పటికే ఒక రాడ్ ఉండి, గాలిలేని పూట చిన్న ఫ్లైలతో ఆడుకోవడానికి రెండోది కొనేవాళ్లకు 2వ నంబరు. మొదటి రాడ్‌గా వద్దు.

4వ నంబరు మాట వేరు. మీకు ఒక్క రాడే కొనే వీలుంటే, చిన్న వాగుతో పాటు అప్పుడప్పుడు వెడల్పైన ఏటికీ వెళుతుంటే, నేను 3 అని పట్టుబట్టను. మెత్తగా వంగే 4వ నంబరు రాడ్ దగ్గరలో 3వ నంబరుకు దాదాపు సమంగానే పనిచేస్తుంది, బరువైన నింఫ్‌లకు, గాలికి దానికంటే మెరుగు. నీళ్లలో పడిపోయిన దుంగలు, వేళ్లు ఎక్కువగా ఉండి, ఒక్కోసారి పెద్ద చేప తగిలే వాగైనా ఇదే నయం. అది దుంగ కిందికి దూరబోతే పక్కకు లాగడానికి రాడ్ మొదట్లో కాస్త బలం కావాలి.

5వ నంబరు చిన్న వాగు కోసమే కొనవలసిన పని లేదు. మీ దగ్గర ఉన్నది అదే అయితే ఏం చేయాలో చివర్లో చెబుతాను.

పొడవు: తల పైకెత్తి చూసి నిర్ణయించండి

చిన్న వాగంటే పొట్టి రాడ్ అనే మాట అందరి నోటా వినిపిస్తుంది. సగం నిజం. పొడవును నిర్ణయించేది వాగు వెడల్పు కాదు, దాని మీద ఉన్న కప్పు.

రెండు ఒడ్ల చెట్లూ కలిసిపోయి సొరంగంలా మారిన వాగులో 6 నుంచి 7 అడుగుల రాడ్ కావాలి. అక్కడ తల మీదుగా విసరడమనే మాటే లేదు. చెయ్యి నడుము ఎత్తున పెట్టి, రాడ్‌ను నీటికి సమాంతరంగా పక్కకు ఆడిస్తే లైన్ కొమ్మల కిందుగా దూసుకుపోతుంది. తొమ్మిది అడుగుల రాడ్‌తో ఈ పని మొదలుపెడితే కొస ఎటు తిరిగినా ఏదో ఒక రెమ్మకు కొట్టుకుంటుంది. నడిచేటప్పుడూ పొట్టి రాడే సుఖం. గుబురులో వెళ్లేటప్పుడు రాడ్ కొసను వెనక్కి పెట్టుకుని మొదలు ముందుగా పట్టుకుని నడిస్తే అది మన వెంట జారుతూ వస్తుంది. కొస ముందుంటే మొదటి పొదకే గుచ్చుకుని విరుగుతుంది.

పక్క విసురుకు కూడా చోటు లేని గుంట ఒకటి తగులుతుంది. అడ్డంగా పడిన మాను, దాని కింద నల్లటి నీళ్లు, మానుకూ నీటికీ మధ్య మూరెడు సందు. ఇక్కడ ఉపయోగపడేది విల్లు విసురు. లీడర్‌తో కలిపి రాడ్ పొడవంత లైన్ బయటికి వదిలి, గాలపు వంపును బొటనవేలు, చూపుడువేలితో, ముల్లు వేళ్లకు తగలకుండా పట్టుకుని వెనక్కి లాగుతారు. రాడ్ కొస విల్లులా వంగుతుంది. కొసను సందుకు గురిపెట్టి, పిడి ఉన్న చెయ్యి కదపకుండా ఫ్లైని వదిలేస్తే అది మాను కిందుగా దూరి గుంటలో పడుతుంది. మెత్తటి రాడ్‌కు ఈ విసురు సహజంగా వస్తుంది. బిగువైన రాడ్ కొస మాత్రమే వంగుతుంది కాబట్టి ఫ్లై సగం దూరంలో చతికిలబడుతుంది. సొరంగపు వాగుల్లో తిరిగేవాళ్లు రాడ్ కొనేముందు తప్పకుండా చేసి చూడవలసిన పరీక్ష ఇది.

గడ్డి మైదానం గుండా మెలికలు తిరుగుతూ పారే వాగు దీనికి పూర్తిగా ఎదురు. వెడల్పు ఒకటే కావచ్చు, కానీ అక్కడ చెట్లు లేవు. నడుము ఎత్తు గడ్డి ఉంది, చేప మనిషిని దూరం నుంచే చూస్తుంది. ఒడ్డుకు వెనగ్గా మోకాళ్ల మీద కూర్చుని విసరాలి. కూర్చున్నవాడి చేతిలో ఆరున్నర అడుగుల రాడ్ ఉంటే వెనక విసురు ప్రతిసారీ గడ్డికి తగులుకుంటుంది. 8 లేదా 8½ అడుగుల రాడ్ అయితే లైన్ గడ్డి పైనుంచి పోతుంది. ఒడ్డు వారగా పారే నీటి మీద, మధ్యలో గడ్డి ఉన్నా, ఫ్లైని నిలువుగా దించగలరు. ఇక్కడ పొట్టి రాడ్ కొనుక్కున్నవాళ్లు తొందరగానే దాన్ని మార్చుకుంటారు.

మూడోది బండరాళ్ల మధ్య మెట్లు మెట్లుగా దిగే కొండవాగు. ప్రతి రాయి వెనకా బల్లంత నిశ్చలమైన నీరు, దాని చుట్టూ ఉరుకుతున్న ప్రవాహం. ఆ నిశ్చల నీటిలో ఫ్లై పడగానే మధ్యలో ఉన్న వేగపు నీరు లైన్‌ను లాక్కుపోతుంది, లైన్ ఫ్లైని ఈడ్చుకుపోతుంది. బతికున్న పురుగు అలా ఈదదని చేపకు తెలుసు. కాబట్టి లైన్ నీటిని తాకకుండా ఎత్తి పట్టుకోవాలి, అందుకు పొడవు కావాలి. పైన ఆకాశం కనిపించే కొండవాగుకు 8 అడుగుల పైనే చూడండి.

మూడు రకాలకూ ఒకే రాడ్ కావాలంటే 7½ అడుగులు. దేనికీ సరిగ్గా అమరదు, కానీ దేనిలోనూ చేతులెత్తేయదు. రాడ్ చిన్న వాగుదైతే ఈ పొడవు చాలా కంపెనీల జాబితాలో ఉంటుంది, నాలుగు ముక్కలుగా విడదీస్తే ఒక్కో ముక్క రెండడుగుల లోపే. సంచిలో పట్టేస్తుంది. రెండు ముక్కల రాడ్ మెరుగ్గా వంగుతుందనే నమ్మకం పాతది. ఇప్పటి అతుకులతో ఆ తేడా చేతికి తెలియదు.

వంగే తీరు, ఆ తర్వాతే సామగ్రి

రాడ్ వంగే తీరును ఫాస్ట్, మీడియం, స్లో అంటారు. ఫాస్ట్ రాడ్ కొస దగ్గర వంగి చప్పున నిటారవుతుంది. స్లో రాడ్ వంపు పిడి దాకా దిగుతుంది, నెమ్మదిగా లేస్తుంది. ఒక గ్రాము బరువుకు కూడా స్పందించాలంటే మీడియం గానీ స్లో గానీ కావాలి. ఇంకో లాభం కూడా ఉంది. చిన్న వాగుల్లో వాడే 6ఎక్స్ టిప్పెట్ (లీడర్ చివర కట్టే అతి సన్నని దారం) మందం అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు, అంటే దాదాపు 0.13 మిల్లీమీటర్లు. చేప ఫ్లైని అందుకోగానే మనం ఉలిక్కిపడి రాడ్ ఎత్తితే బిగువైన రాడ్ ఆ దారాన్ని తెంపేస్తుంది. మెత్తటి రాడ్ ఆ కుదుపును తనలో కలుపుకుంటుంది.

ఫాస్ట్ రాడ్‌ను పూర్తిగా కొట్టిపారేయను. గాలి ఎక్కువగా ఉండే బయలు వాగుల్లో అది లైన్‌ను ఇరుకైన మెలికతో పంపుతుంది, గాలికి చెదరదు. కానీ అలాంటి రాడ్‌ను చిన్న వాగు రాడ్ అనే పేరుతో అమ్మితే అనుమానించండి. పొట్టిగా కోసినంత మాత్రాన దగ్గరి విసురుకు పనికిరాదు. నిజానికి రాడ్ పొట్టిదవుతున్నకొద్దీ మెత్తదనం ఇంకా ముఖ్యమవుతుంది.

ఫైబర్‌గ్లాస్ రాడ్లు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బజారులోకి వచ్చాయి. 1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్ ఫ్లై రాడ్లు తెచ్చాక అవి వెనకబడ్డాయి. గ్రాఫైట్ అదే బరువుకు ఎక్కువ బిగువునిస్తుంది. పొడవైన రాడ్లకు, దూరపు విసురుకు అది వరమే. ఏడడుగుల 3వ నంబరు రాడ్ దగ్గరికి వచ్చేసరికి ఆ వరంతో పని తక్కువ. బరువులో మిగిలేది కొద్ది గ్రాములు, పోయేది మెత్తదనం. అందుకే ఫైబర్‌గ్లాస్ మళ్లీ ఆదరణకు వచ్చింది, అదీ ఎక్కువగా పొట్టి, తేలిక రాడ్ల దగ్గరే. దెబ్బలకు తట్టుకోవడంలోనూ అది ముందుంది. బరువైన పూస తల ఫ్లై వెనక నుంచి వచ్చి గ్రాఫైట్ గొట్టానికి టక్కున తగిలితే పైకి కనిపించని పగులు పడుతుంది, ఆ తర్వాత ఎప్పుడో చిన్న చేపకే రాడ్ విరుగుతుంది. రాళ్ల మీద జారిపడుతూ లేస్తూ నడిచే చోట గ్లాస్ రాడ్ నిశ్చింత.

అయితే గ్లాస్‌కు ఓపిక కావాలి. వెనక్కి వెళ్లిన లైన్ పూర్తిగా విప్పుకునే దాకా ఆగి ముందుకు రావాలి. గ్రాఫైట్‌కు అలవాటుపడిన చెయ్యి మొదట్లో తొందరపడుతుంది, లైన్ చిక్కుపడుతుంది. ఒకటి రెండు పూటల్లో చెయ్యి దారికొస్తుంది. 8½ అడుగులు దాటితే మాత్రం నేను గ్రాఫైట్ వైపే మొగ్గుతాను. ఆ పొడవులో గ్లాస్ కొస బరువు మణికట్టుకు తెలుస్తుంది, విసురు ఆపాక కూడా కొస ఊగుతూ ఉంటుంది. గ్రాఫైట్ విషయంలో గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కరెంటు తీగల కింద, ఉరుములు మెరుపుల వేళ దాన్ని పైకెత్తి పట్టుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

వెదురు రాడ్ గురించి చెప్పకపోతే అలిగేవాళ్లుంటారు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టాంకిన్ వెదురును చీల్చి, ముక్కోణపు బద్దలుగా చెక్కి, ఆరింటిని అంటించి ఆరు పలకల రాడ్ చేస్తారు. దగ్గరి విసురులో దాని తీరు చాలా గొప్పది, ఎందుకంటే రాడ్ తన సొంత బరువుతోనే కొంత వంగుతుంది, లైన్ తక్కువైనా పని నడుస్తుంది. కానీ అది చేతిపని, ఖర్చుతో కూడుకున్నది. తడిగా ఉండగానే గొట్టంలో పెట్టి మూసేస్తే పాడవుతుంది, చేపను ఎప్పుడూ ఒకే వైపు వంపుతో లాగితే వంకర నిలిచిపోతుంది. కొనేది చేప కోసమా, వస్తువు మీద ప్రేమతోనా అన్నది ముందే తేల్చుకుంటే మంచిది. రెండో కారణం తక్కువదేమీ కాదు.

రీల్ లేని దారి: టెన్కారా

జపాన్ కొండవాగుల్లో పుట్టిన టెన్కారా పద్ధతిలో రీల్ (లైన్ చుట్టుకునే చక్రం) ఉండదు. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాల రాడ్ 11 నుంచి 13 అడుగుల దాకా చాచుకుంటుంది, మడిస్తే రెండడుగుల లోపు. కొసకు దాదాపు రాడ్ పొడవంత లైన్ నేరుగా కట్టేస్తారు. ఇందాక చెప్పిన బండరాళ్ల వాగులో దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. లైన్ మొత్తం గాలిలోనే ఉంటుంది, ఫ్లై ఒక్కటే నీళ్లను తాకుతుంది. నేర్చుకోవడమూ తేలిక, కొత్తవాడు కూడా మొదటి పూటే చేప పట్టగలడు.

రాడ్ల మీద 5:5, 6:4, 7:3 అని రాసి ఉంటుంది. మొదటి అంకె కింది బిగువు భాగం, రెండోది పై వంగే భాగం. తేలిక లైన్‌తో మెత్తగా విసరడానికి 6:4 అందరికీ సరిపోతుంది.

దీని బలహీనతలు మూడు. చెట్ల సొరంగంలో పన్నెండు అడుగుల కర్రను ఎటూ తిప్పలేం, అలాంటి చోట్లకు పొడవు తగ్గించుకునే వీలున్న పొట్టి రకం చూసుకోవాలి. పెద్ద చేప పడితే వదలడానికి లైన్ ఉండదు, దాని వెంట నడవాలి. బలమైన టిప్పెట్ కడితే దారం బదులు రాడ్ విరుగుతుంది, అందుకే 5ఎక్స్ కంటే మందమైనది కట్టొద్దంటారు. 10 అడుగుల 2, 3 నంబర్ల నింఫ్ రాడ్లను కొందరు దీనికి బదులుగా చెబుతారు. బరువైన నింఫ్‌లను పెద్ద ఏటిలో అడుగున దొర్లించడానికి అవి పుట్టాయి. చిన్న వాగులో తేలే ఫ్లై విసరాలంటే మాత్రం నేను వాటిని సిఫారసు చేయను.

రాడ్ కంటే ముందు లైన్

ఒకే రాడ్‌కు రెండు లైన్లు మార్చి చూసినవాళ్లకు తెలుస్తుంది, సగం మార్పు లైన్‌తోనే వస్తుందని. డబ్బు పరిమితంగా ఉంటే రాడ్‌లో ఒక మెట్టు దిగండి, లైన్‌లో దిగొద్దు.

రెండు రకాలు చూడాలి. డబుల్ టేపర్ లైన్ రెండు కొసల్లోనూ ఒకేలా సన్నబడుతుంది, ఒక కొస అరిగిపోతే తిరగేసి వాడుకోవచ్చు. వెయిట్ ఫార్వర్డ్ లైన్ బరువంతా ముందు భాగంలో ఉంటుంది, దూరం విసరడానికి వెనక భాగం సన్నగా ఉంటుంది. మన ఐదు, పది అడుగుల్లో ఈ తేడాకు అర్థమే లేదు, బయటకు వచ్చేది రెండింటిలోనూ ముందు కొసే. కాబట్టి పేరు చూడకండి, ముందు సన్నబడే భాగం ఎంత పొడవో చూడండి. అది పొట్టిగా ఉన్న లైన్ దగ్గరలోనే రాడ్‌కు బరువు తగిలిస్తుంది. సన్నని కొస చాలా పొడవుగా సాగే లైన్లు నిశ్శబ్దంగా దిగుతాయి, కానీ ఆ నిశ్శబ్దం 30 అడుగుల అవతల పనికొచ్చేది.

రాడ్ బిగువుగా అనిపిస్తే ఒక నంబరు పెద్ద లైన్ వేయమని పాతవాళ్లు చెప్పే చిట్కా మంచిదే. 3వ నంబరు రాడ్ మీద 4వ నంబరు లైన్. కానీ ఇప్పుడు చాలా లైన్లు ప్రమాణం కంటే అర నంబరు, ఒక నంబరు బరువుగానే తయారవుతున్నాయి. పెట్టె మీద గ్రెయిన్ల అంకె చదవండి. 3 అని రాసి 120 గ్రెయిన్లు ఉంటే అది ఇప్పటికే 4. దాని మీద ఇంకో నంబరు పెంచితే మెత్తటి గ్లాస్ రాడ్ కుంగిపోతుంది.

లీడర్‌ను రాడ్ పొడవుకు మించనీయకండి. ఇరుకు వాగులో ఆరడుగులు చాలు. లీడర్‌లో ఒక అడుగు తగ్గితే లైన్‌లో ఒక అడుగు బయటకు వస్తుంది, రాడ్‌కు ఆ మేరకు బరువు అందుతుంది.

రీల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఈ వాగుల్లో చేపను చేత్తో లైన్ లాగి తెస్తాం. టకటకలాడే మామూలు రీల్ చాలు, రాడ్‌ను పిడి ముందు భాగంలో వేలి మీద పెడితే రెండు వైపులా తూగితే మరీ మంచిది.

కొనేముందు గడ్డి మీద

అంగడిలో రాడ్ ఊపి చూడడం వల్ల తెలిసేది తక్కువ. అడిగి బయటికి తీసుకెళ్లండి, మీ వాగులో వాడే నంబరు లైన్ వేయించండి, లీడర్ కట్టించండి, కొసకు గాలం బదులు చిన్న ఉన్ని ముక్క. 15, 20, 25 అడుగుల్లో మూడు ఆకులు గానీ టోపీలు గానీ పెట్టండి. మోకాళ్ల మీద కూర్చోండి. రాడ్ కొస బయట ఐదడుగుల లైన్ వదిలి, మణికట్టును కొద్దిగా మాత్రమే ఆడించి మొదటి గుర్తు మీదకు విసరండి. లీడర్ పూర్తిగా విప్పుకుందా? విసురు ఆపాక కొస వెంటనే నిలిచిందా, ఊగుతూనే ఉందా? తర్వాత పక్క విసురు, విల్లు విసురు. అమ్మేవాడు ఇంకాస్త లైన్ వదలండి, దీని సత్తా తెలుస్తుంది అంటాడు. వదలొద్దు. నలభై అడుగుల్లో బిగువైన రాడ్ ఎప్పుడూ గెలుస్తుంది, మీరు ఆ ఆటకు రాలేదు.

రోల్ కాస్ట్‌ను, అంటే లైన్‌ను వెనక్కి విసరకుండా నీటి మీద నుంచే ముందుకు దొర్లించే విసురును, గడ్డి మీద చూసి తీర్పు చెప్పకండి. అందులో లైన్‌ను నీరు పట్టుకుంటేనే రాడ్ వంగుతుంది, గడ్డి ఆ పట్టు ఇవ్వదు.

పాత రాడ్ కొనేవాళ్లు ఒక్కో ముక్కను కంటి ఎదుట పెట్టి ఓర చూపుతో వంకర ఉందేమో చూడాలి, రింగుల లోపల లైన్ రాపిడికి గాడి పడిందేమో వేలిగోటితో తడమాలి, అతుకులు బిగించి ఊపితే టిక్కుమనే చప్పుడు రాకూడదు.

తేలిక రాడ్ చేపను అలసటతో చంపుతుందన్న విమర్శ ఒకటుంది. జానెడు చేపల వాగులో ఇది పట్టించుకోవలసినది కాదు, అక్కడ రాడ్ కంటే ముందు టిప్పెటే హద్దు గీస్తుంది. నీటి వేడి అసలు సంగతి. 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్‌కు ఊపిరి కష్టమవుతుంది, అప్పుడు ఏ రాడ్‌తో పట్టి వదిలినా బతకడం అనుమానమే. ఆ పూట వేట మానుకోవాలి.

ఇక ఎవరికి ఏది అంటే: చెట్ల కింద వాగులకు ఏడడుగుల లోపు 3వ నంబరు గ్లాస్. గడ్డి మైదానపు వాగులకు 8 లేదా 8½ అడుగుల 3 లేదా 4వ నంబరు, మీడియంగా వంగే గ్రాఫైట్. తెరిపి ఉన్న కొండవాగుకు టెన్కారా. ఇంకా ఏ వాగుకు వెళతారో తెలియనివాళ్లకు 7½ అడుగుల 3వ నంబరు, గ్లాస్ అయినా మెత్తటి గ్రాఫైట్ అయినా సరే. ఒకే రాడ్‌తో ఏరూ వాగూ రెండూ తిరగాలనుకునేవాళ్లకు 8 అడుగుల 4వ నంబరు.

ఇప్పటికే 9 అడుగుల 5వ నంబరు రాడ్ ఉన్నవాళ్లు వెంటనే కొత్తది కొనవద్దు. దానికి 6వ నంబరు లైన్ వేసి, లీడర్‌ను ఆరడుగులకు కుదించి వాగులో తిరిగి రండి. ఏయే చోట్ల ఇబ్బంది పడ్డారో గమనించండి. కొమ్మలకు తగులుకుంటూ ఉంటే మీకు కావలసింది పొట్టి రాడ్. తగులుకోకపోయినా లైన్ కుప్పగా రాలుతుంటే పొడవు అలాగే ఉంచుకుని మెత్తటి రాడ్ చూడండి. ఫ్లై సరిగ్గానే పడి ప్రవాహం దాన్ని ఈడ్చుకుపోతుంటే మీ రాడ్ పొడవైనది కాదు, ఇంకా పొట్టిది.